కిటికీలో పెట్టిన ఆఖరి ముక్క

ముప్పై ఏళ్ల సర్వీసులో నేను తప్పుడు రిపోర్టు ఒక్కటి కూడా రాయలేదు. రిటైరైన రోజు శాలువా కప్పి ఈ మాటే మైకులో చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ నమస్కారం పెట్టి కూర్చున్నాను. ఆ మాట నిజమే, నేను రాసిన అంకెలన్నీ సరైనవే. ఆ సరైన అంకెలతోనే ఒక మనిషి బతుకు చెడగొట్టాను. ఇప్పుడు ఫౌండ్రీ ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లల కోసం ఆ సంగతి రాస్తున్నాను. మీకు బుద్ధులు చెప్పే అర్హత నాకుందని కాదు. ఇన్నాళ్లూ చెప్పకుండా దాచుకున్నాను, ఇక దాచుకోవడం నా వల్ల కావడం లేదు.

మా ఫౌండ్రీ మేడ్చల్ దాటాక పెద్ద రోడ్డు మీంచి లోపలికి వెళ్లే మట్టిబాట చివర ఉండేది. ఇప్పుడు లేదు. రేకుల షెడ్డు పీకేసి, నేల చదును చేసి, రాళ్లు పాతి ప్లాట్లు చేశారు. యజమానిది ఆ ఊళ్లో భూములున్న కుటుంబం. మేమంతా పటేల్ అనేవాళ్లం. వరి కంటే ఇనుములో లాభమని ఎవరో చెబితే నమ్మి ఫౌండ్రీ పెట్టాడు. ఇనుము కంటే ప్లాట్లలో లాభమని ముప్పై ఏళ్లు దాటాక ఇంకెవరో చెబితే అదీ నమ్మాడు. మనిషి చెడ్డవాడు కాదు. కోపం వస్తే మాత్రం ఎదుటివాడు చెప్పేది సగమే వినేవాడు.

నేను ల్యాబ్ ఇన్‌చార్జిని. ల్యాబ్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, ఒక మైక్రోస్కోపు, పరీక్షకు తీసిన ఇనుప ముక్కల్ని నునుపు చేసే మిషను ఒకటి, టైపు మిషను ఒకటి, పోత జరిగే చోటు వైపు తెరుచుకునే కిటికీ ఒకటి. నా డిప్లొమా సర్టిఫికెట్‌ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నాను. ఫౌండ్రీలో పటేల్ తర్వాత నేనే అనుకునేవాణ్ణి. అలా అనుకోమని ఎవరూ చెప్పలేదు.

నిజానికి ఫౌండ్రీ నడిచేది పోత మేస్త్రి చేతుల మీద. కరిగిన ఇనుమును ఫర్నేసులోంచి లాడిల్‌లోకి, అంటే గొలుసులకు వేలాడే పెద్ద బకెట్‌లోకి, పట్టి వరసగా అచ్చుల్లో పోయించేది ఆయనే. గాజులరామారం నుంచి మొదట్లో సైకిల్ మీద, తర్వాత లూనా మీద వచ్చేవాడు. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. రెండు చేతుల మీదా మోచేతుల కింద చుక్కలు చుక్కలుగా కాలిన మచ్చలు. చదువు రాదు. కానీ లోహం రంగు చూసి వేడి ఎంతుందో చెప్పేవాడు. మేం మీటరు పెట్టి చూస్తే అటూ ఇటూగా అంతే ఉండేది. మీటరు చెడిపోయినప్పుడు ఆయన్నే అడిగేవాళ్లం. బాగయ్యాక ఆ సంగతి మర్చిపోయేవాళ్లం.

ఇక్కడ గ్రాఫైట్ గురించి నాలుగు మాటలు చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. బీడు, అంటే పోత ఇనుము, కరిగి గడ్డకట్టేటప్పుడు అందులో ఉన్న కార్బన్‌లో చాలా భాగం గ్రాఫైట్‌గా విడిపోతుంది. మీ పెన్సిల్‌లో ఉన్న పదార్థమే. మామూలు బీడులో అది పల్చటి రేకులుగా పరుచుకుంటుంది. ఆ రేకుల అంచుల దగ్గర పగులు మొదలై ఒక రేకు నుంచి ఇంకో రేకుకు పాకిపోతుంది. అందుకే బీడు సామాను గట్టి దెబ్బ తగిలితే వంగదు, పగిలిపోతుంది. కరిగిన లోహంలో కాస్త మెగ్నీషియం వేస్తే అదే గ్రాఫైట్ గుండ్రంగా ముడుచుకుంటుంది. గుండ్రటిదానికి అంచు లేదు కనుక పగులుకు సులువైన దారి దొరకదు. ఆ ఇనుము దెబ్బ తగిలితే కాస్త వంగి ఓర్చుకుంటుంది. దాన్ని మేం ఎస్‌జీ అంటాం. బండి చక్రాల మధ్యలో ఇరుసుకు బిగించే హబ్బుల వంటివి దాంతోనే పోస్తాం.

మేం ఎస్‌జీ మొదలుపెట్టిన కొత్తలో మేస్త్రి ల్యాబ్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"గా దుర్బిన్ల ఏం గనిపిస్తది సార్? జెర నాగ్గూడ చూపెట్టుండ్రి."

ముందు మామూలు బీడు ముక్క పెట్టాను. ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. "అటుకులు పోసినట్లున్నయ్ సార్," అన్నాడు. తర్వాత ఎస్‌జీ ముక్క పెట్టాను. ఒక్కసారిగా నవ్వాడు. "అబ్బో, ఆవాలు!"

నేను చదివిన పుస్తకాల్లో అంత చక్కగా ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఫౌండ్రీ మొత్తానికి అవే మాటలయ్యాయి. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చి "ఏంది సార్, ఆవాలేనా?" అని అడిగేవాడు. "ఆవాలే మేస్త్రీ" అంటే "గట్లయితే తింట ఇగ" అని వెళ్లేవాడు. ఎప్పుడైనా నేను ఆట పట్టించడానికి "అటుకులు" అంటే ఆయన ముఖం చిన్నబోయేది. ఆ ముఖం చూసి నేను నవ్వేవాణ్ణి.

మెగ్నీషియంతో ఒక చిక్కుంది. అది నిలవదు. లోహంలో వేయగానే షెడ్డంతా తెల్లగా వెలిగిపోతుంది. ఆ నిమిషం నుంచే అది తరిగిపోతూ ఉంటుంది. మా దగ్గర పది నిమిషాల్లోపు పోత ముగించాలని లెక్క. మనవాళ్లు మెగ్నీషియాన్ని మందు అనేవాళ్లు, ఆలస్యమైతే మందు దిగిపోయింది అనేవాళ్లు. మందు దిగిన లోహంలో ఆవాలు మళ్లీ అటుకులవుతాయి. పైకి ఏమీ కనిపించదు. రంగు అదే, బరువు అదే, ఆకారం అదే.

అంటే ఒక లాడిల్ లోహంలో మొదట పోసిన అచ్చులో మందు నిండుగా ఉంటుంది, ఆఖరి అచ్చులో తక్కువగా ఉంటుంది. కాబట్టి పరీక్ష ముక్క ఆఖరి లోహంలోంచి తీయాలి. ఆఖరిది బాగుంటే ముందువన్నీ బాగున్నట్టే. ఇది నాకు తెలుసు. పుస్తకంలోంచి ఎత్తి నేనే ఇంగ్లీషులో టైపు చేసి గోడకు అంటించాను.

కానీ మా దగ్గర అలవాటు వేరు. పూర్వం మామూలు బీడు పోసే రోజుల్లో, లాడిల్ వంచగానే ఒక్క చుక్క అమ్మవారి పేరున పక్కన ఇసుకలో వేసేవాళ్లు. తర్వాత ల్యాబు వాళ్ల చిన్న అచ్చు నింపేవాళ్లు. ఆ తర్వాతే అసలు అచ్చులు. అమ్మవారికి, ల్యాబుకు తొలి లోహం ఇవ్వడం మర్యాద. మామూలు బీడుకు అలా చేసినా పెద్ద తేడా ఉండదు. ఎస్‌జీ వచ్చాక మార్చాల్సింది. మొదట్లో నాలుగు రోజులు మార్చాను కూడా. ఆఖరి లోహం చల్లారిపోయి ముక్కలు సగం సగం వచ్చేవి. మళ్లీ పోయించాలి, మళ్లీ ఆగాలి, నా భోజనం మధ్యాహ్నం మూడయ్యేది. తొలి లోహం ముక్క అయితే వేడిగా, నిండుగా, అందంగా వస్తుంది. పదకొండుకల్లా నా పని అయిపోతుంది. గోడ మీద కాగితం అలాగే ఉంచి పాత అలవాటు కొనసాగనిచ్చాను. ఏళ్ల తరబడి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం వల్ల నేను చేస్తున్నదే సరైనదనిపించింది.

ఇక ఆ రోజు సంగతి. అప్పట్లో ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేని పరిస్థితి. శామీర్‌పేట వైపు ట్రాక్టరు ట్రాలీలు చేసే షెడ్డు ఒకటుండేది. వాళ్ల కోసం చక్రాల హబ్బులు పోస్తున్నాం. లాడిల్‌కు పది అచ్చులు. మందు వేశారు, వెలుగు వచ్చింది, అమ్మవారికి చుక్క పడింది, నా ముక్క పోశారు. దాన్ని నీళ్లలో ముంచి, సుత్తితో విరిచి చూశాను. విరిగిన చోట వెండిలా తెల్లగా ఉంది. మంచి ఎస్‌జీ అలాగే ఉంటుంది. నాలుగు అచ్చులు పోయడం అయింది. ఐదో అచ్చు దాకా రాకముందే కరెంటు పోయింది.

లాడిల్‌ను జరిపేది కరెంటు మీద. అది గాల్లోనే ఆగిపోయింది. జనరేటరు వేద్దామంటే బ్యాటరీ దిగిపోయి ఉంది. పటేల్ జీపులోంచి బ్యాటరీ విప్పుకొచ్చారు. ఈలోపు వేడి పోకుండా మేస్త్రి లోహం మీద వరి ఊక చల్లించాడు. పటేల్ అటూ ఇటూ తిరుగుతున్నాడు. బయట సరుకు కోసం బండి వచ్చి నిలబడి ఉంది. చివరికి జనరేటరు మొదలైంది. మేస్త్రి లాడిల్ పట్టుకుని, ముందుకు నడవకుండా, నన్ను పిలిచాడు.

"సార్, మస్తు సేపాయె. మందు దిగిపోయింటది. గుంతల పోద్దామా?"

గుంతలో పోయడమంటే ఆ లోహాన్ని పక్కన ఇసుక గుంతలో గడ్డకట్టించి, మర్నాడు మళ్లీ కరిగించుకోవడం. లోహం పోదు, ఆరు హబ్బులు మాత్రం ఆ రోజు రావు. పటేల్ వింటున్నాడు. పనివాళ్లంతా వింటున్నారు. నా చేతిలో విరిగిన ముక్క తెల్లగా మెరుస్తోంది. నిజం చెప్పాలంటే నాకు కూడా అనుమానం వచ్చింది. కానీ ఆ అనుమానం నాకంటే ముందు చదువు రాని మేస్త్రికి రావడం, అది అందరి ముందు ఆయన నోటి నుంచి రావడం నాకు నచ్చలేదు.

"ముక్క మంచిగుంది. పోసెయ్," అన్నాను.

"అది మొదటిది గద సార్. గిప్పుడున్నది..."

"ల్యాబు నీదా, నాదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మేస్త్రి కాసేపు నన్నే చూశాడు. "ల్యాబు మీదే సార్," అన్నాడు. లాడిల్ ముందుకు జరిపి ఆరు అచ్చులూ పోయించాడు. ఆయన చేతిలో ఒక్క చుక్క కూడా బయట పడలేదు.

మధ్యాహ్నం కిటికీ దగ్గరికి వచ్చాడు. డబ్బా లేదు చేతిలో. గోరువెచ్చగా ఉన్న చిన్న ముక్కను కిటికీ గట్టు మీద పెట్టాడు. దాని మీద సుద్దతో అడ్డంగా ఒక గీత గీసి ఉంది.

"ఆఖరుకు మిగిలింది గూడ జెర పోసి పెట్టిన సార్. ఒక్కసారి దుర్బిన్ల చూడుండ్రి."

"చూస్తలే," అన్నాను.

ఆయన వెళ్లలేదు. "పది నిమిషాల పనే గద సార్."

"చూస్తనన్న గదా మేస్త్రీ."

తొలి ముక్కను నునుపు చేసి చూశాను. ఆవాలు, ముద్దొచ్చేలా ఉన్నాయి. రిపోర్టు టైపు చేశాను. మరునాడు అదే బండిలో హబ్బులు వెళ్లిపోయాయి. పైన ఫ్యాను తిరుగుతుంటే కాగితాలు ఎగురుతున్నాయని సుద్ద గీత ఉన్న ఆ ముక్కను రిపోర్టుల మీద బరువుగా పెట్టుకున్నాను. నెలపైన అది అక్కడే ఉంది. నేను రోజూ దాన్ని ఎత్తి, కాగితం తీసి, మళ్లీ పెడుతూ వచ్చాను. మేస్త్రి రెండు మూడుసార్లు "చూసిండ్రా సార్?" అని అడిగాడు. తర్వాత అడగడం మానేశాడు.

ఒక పొద్దున ట్రాలీ షెడ్డు యజమాని గోనెసంచిలో విరిగిన హబ్బు తెచ్చి పటేల్ గదిలో పడేశాడు. ఇటుకల లోడుతో వస్తుంటే శామీర్‌పేట దగ్గర రోడ్డు మీద హబ్బు పగిలి చక్రం ఊడిపోయింది. ట్రాలీ ఒరిగింది. ట్రాక్టరు డ్రైవరు దూకబోయి దాని కింద పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. ముక్కల్ని నా దగ్గరికి పంపారు. విరిగిన చోటును కిటికీ వెలుతురుకు తిప్పి చూశాను. వెండిలా ఉండాల్సింది మసి పూసినట్టు నల్లగా ఉంది. కోసి, నునుపు చేసి, మైక్రోస్కోపు కింద పెట్టాను. అటుకులు. మధ్యలో అక్కడక్కడా సగం ముడుచుకున్న పూసలు. హబ్బు మీద పోత నంబరు చూశాను. కరెంటు పోయిన రోజుది.

అప్పుడు రిపోర్టుల మీదున్న ముక్క వైపు చూశాను. తలుపు గడియ పెట్టి దాన్ని కూడా నునుపు చేశాను. పది నిమిషాలు పట్టింది. మేస్త్రి చెప్పినట్టే సరిగ్గా పది నిమిషాలు. అందులోనూ అటుకులే. ఆ రోజు ఆ పది నిమిషాలు పెట్టి ఉంటే ఆరు హబ్బులూ మా గేటు దాటేవి కావు, డ్రైవరు కాలు విరిగేది కాదు. ఇది నాకు ఆ క్షణంలోనే పూర్తిగా అర్థమైంది. అర్థం కాలేదని ఇప్పుడు తప్పించుకోలేను.

పటేల్ పిలుస్తున్నాడని కబురు వచ్చింది. ముక్కను ప్యాంటు జేబులో వేసుకుని వెళ్లాను. గదిలో పటేల్, ట్రాలీ షెడ్డు యజమాని కూర్చుని ఉన్నారు. మేస్త్రి గోడ పక్కన నిలబడి ఉన్నాడు.

"గా పోత నువ్వే గద పోసినవ్?" పటేల్ అడిగాడు.

"నేనే పటేలా."

"కరెంటు పోయి గంతసేపాయె. మందు దిగిపోతదని ఇన్నేండ్ల సంది పోస్తున్నోనికి తెల్వదా?"

మేస్త్రి నా వైపు చూశాడు. ఆ రోజు పటేల్ కూడా అక్కడే ఉన్నాడు, అంతా విన్నాడు. కానీ కోపంలో ఉన్న మనిషికి, పైగా కొనేవాడు ఎదురుగా కూర్చున్నప్పుడు, తను విన్నది గుర్తు చేసుకోవాలని ఉండదు. ఆయన నా వైపు తిరిగాడు.

"ల్యాబు ఏమంటది?"

నేను చేయాల్సింది జేబులో చేయి పెట్టడమే. ఫైలు తెరిచాను. "మా ముక్క మంచిగనే వచ్చింది పటేల్. రిపోర్టు ఉంది," అన్నాను. అబద్ధం కాదు. ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. ట్రాలీ యజమాని రిపోర్టు చదివి తలూపాడు. ముక్క బాగుందంటే తప్పు పోతలోనే అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

"ఇగ రేపటి సంది రాకు," అన్నాడు పటేల్ మేస్త్రితో.

మేస్త్రి ఇంకా నన్నే చూస్తున్నాడు. కోపంగా కాదు, దేనికోసమో ఆగినట్టు చూశాడు. నేను ఫైలు మూస్తూ, దాని తాడు చాలా జాగ్రత్తగా ముడి వేస్తూ ఉండిపోయాను.

పటేల్ ఒక మంచి పని చేశాడు. తన సొంత బండి పంపి మిగిలిన ఐదు హబ్బులూ వెనక్కి తెప్పించాడు. సుత్తితో కొడితే అన్నీ పగిలాయి, అన్నీ లోపల నల్లగానే ఉన్నాయి. సాయంత్రం మేస్త్రి కళ్లజోడు, తోలు గ్లౌజులు స్టోర్‌లో అప్పజెప్పి ల్యాబ్ కిటికీ ముందు నుంచి వెళ్లాడు. ఒక్క క్షణం ఆగి కిటికీ గట్టు వైపు, ఆ పక్కనే ఉన్న నా టేబుల్ వైపు చూశాడు. కాగితాల మీద గాజు గ్లాసు ఉంది. ముక్క నా జేబులో ఉంది. ఆయన లూనా చప్పుడు రోడ్డు దాకా వినిపించింది.

మర్నాడు పొద్దున్నే ఆ ముక్కను పాత ఇనుము కుప్పలో వేశాను. మధ్యాహ్నానికి అది ఫర్నేసులో కరిగిపోయింది. ఏ అచ్చులో పడిందో, ఏ బండికి చక్రమై తిరుగుతోందో తెలియదు. ఆ రోజు నుంచి పరీక్ష ముక్క ఆఖరి లోహంలోంచే తీయించాను. ఎవరు గొణిగినా ఊరుకోలేదు. చాలా నిక్కచ్చి మనిషినని పేరొచ్చింది. ఆ పేరుతోనే రిటైరయ్యాను.

మన ఫౌండ్రీలు చాలా చిన్న ప్రపంచం. మేడ్చల్‌లో ఒకడు తుమ్మితే జీడిమెట్లలో వినిపిస్తుంది. మందు దిగిన లోహం పోసి మనిషి కాలు విరగ్గొట్టాడని మేస్త్రికి పేరు పడింది. ఎవరూ ఆయన చేతికి లాడిల్ ఇవ్వలేదని అక్కడక్కడా విన్నాను. విన్న ప్రతిసారీ ఎవరికైనా చెప్పి ఎక్కడైనా పెట్టిద్దామనుకున్నాను. అనుకోవడం దగ్గరే ఉండిపోయాను.

మొన్నామధ్య చుట్టాల పెళ్లికి శామీర్‌పేట దగ్గర ఫంక్షన్ హాలుకు వెళ్లాను. బహదూర్‌పల్లిలో మా కాలనీ నుంచి కారులో నేను, మా ఆవిడ. గేటు దగ్గర నీలం చొక్కా వేసుకున్న ముసలాయన విజిల్ ఊది చేయి చూపించాడు. "ఇటు పెట్టుండ్రి సార్, ఇంకొంచెం ఎనకకు." ఆ చేతి మీద చుక్కలు చుక్కలుగా మచ్చలు. నేను అద్దం దించాను. ఆయన వంగి చూసి గుర్తుపట్టాడు. "మంచిగున్నరా సార్?" అని నవ్వి, వెనకాల వచ్చే కారు వైపు వెళ్లిపోయాడు. లోపల కూర్చుని ఏం తిన్నానో నాకు తెలియదు. మా ఆవిడ ఒంట్లో బాగోలేదా అని అడిగింది. ఇంటికి వచ్చాక మొదటిసారి ఆమెకు అంతా చెప్పాను. "నాకు చెప్పి ఏం లాభం, పోయి ఆయనకు చెప్పుండ్రి," అంది.

వారం తర్వాత గాజులరామారం వెళ్లాను. ఇరుకు సందులో రెండు గదుల పోర్షన్. మేస్త్రి ఇంట్లోనే ఉన్నాడు. కుర్చీ తుడిచి వేశాడు. ఆయన భార్య నీళ్లిచ్చి గడప దగ్గర కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఎండల గురించి మాట్లాడాను. ఆయనే అడిగాడు.

"సార్, గా ముక్క చూసిండ్రా?"

ఇన్నేళ్లుగా ఆయన మనసులో ఉన్నది అదొక్కటేనని ఆ గొంతులోనే తెలిసింది.

"చూసిన మేస్త్రీ. హబ్బు పగిలి వచ్చినంక చూసిన."

"ఆవాలా, అటుకులా?"

"అటుకులే."

ఆయన మెల్లగా ఊపిరి వదిలాడు. భార్య వైపు తిరిగాడు. "ఇన్నవా? నేను జెప్పలే?"

ఆమె ఆయన్ని చూడలేదు, నన్నే చూసింది. "గా ముక్క ఏడుంది సార్?"

"ఫర్నేసుల ఏసిన," అన్నాను. "పటేల్ మిమ్ముల పిలిచిన నాడు అది నా జేబులనే ఉండె. తెల్లారి ఏసిన."

పక్క పోర్షన్‌లో టీవీ మోగుతోంది. తర్వాత ఆమె నెమ్మదిగా చెప్పింది. "ఈయన పని పోయిన మూడో రోజు పండ్లు కొనుక్కొని దవాఖానకు పోయిండు సార్, గా డ్రైవర్‌ను చూసొస్తనని. ఆయన పెండ్లాం నోటికొచ్చినట్లు తిట్టిందట. అన్ని ఇనుకుంట నిలబడ్డడట. నేను పోసింది నిజమే గద అంటడు."

నేను ఆ డ్రైవరును ఒక్కసారి కూడా వెళ్లి చూడలేదు. ఆ మాట ఆమెకు చెప్పలేకపోయాను.

"పొయ్యమన్నది నేనని పటేల్‌కు ఎందుకు చెప్పలే మేస్త్రీ?" అని అడిగాను.

"మీ మాట మీరే చెప్తరని ఆగిన సార్," అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఇంకా ఎక్కువ తగిలింది. ఏడుపొచ్చింది నాకు. ఏడవడానికి కూడా అక్కడ నాకు హక్కు లేదనిపించి తల దించుకుని ఆపుకున్నాను.

కాసేపటికి మేస్త్రి లేచి లోపలికి వెళ్లి నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం, పెన్ను తెచ్చాడు.

"సార్, గా ముక్కకు రిపోర్టు రాయలే గద మీరు. రాసియ్యుండ్రి. తెలుగుల రాయుండ్రి, ఈమె చదువుతది."

టీవీ పక్కనున్న చిన్న స్టూలు మీద కాగితం పెట్టుకుని రాశాను. ఆఖరి లోహంలోంచి తీసిన ముక్క. గ్రాఫైట్ రేకులుగా ఉంది. మెగ్నీషియం దిగిపోయింది. ఈ లోహంతో హబ్బులు పోయకూడదు. కింద సంతకం పెట్టి ఇచ్చాను. జీవితంలో నేను రాసిన రిపోర్టుల్లో అదొక్కటే ఆలస్యంగా ఇచ్చింది.

ఆమె వేలు పెట్టి ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ చదివింది. చదివి కాగితం తిప్పి చూసింది, వెనకాల ఇంకేమైనా ఉందేమోనని.

"పొయ్యమన్నది ఎవలో దీంట్ల లేదు," అంది.

అది రిపోర్టులో రాసేది కాదమ్మా అన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ముప్పై ఏళ్ల అలవాటు. మేస్త్రి ఆమె చేతిలోంచి కాగితం తీసుకుని స్టూలు మీద నా ముందుకు జరిపాడు.

"ల్యాబు మీదే గద సార్," అన్నాడు. "మీరే రాయాలె."

రాశాను. మందు దిగిపోయి ఉంటుంది, గుంతలో పోద్దామని పోత మేస్త్రి చెప్పాడు. పోయమన్నది నేను. ఆయన తెచ్చి పెట్టిన ఆఖరి ముక్కను చూడకుండా రిపోర్టు ఇచ్చింది నేను. పటేల్ అడిగినప్పుడు ఆయన ఎదుటే నోరు మూసుకున్నదీ, తర్వాత ఆ ముక్కను కరిగించిందీ నేనే. మళ్లీ సంతకం పెట్టాను. ఈసారి ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాశాను.

ఆమె చదివింది. మేస్త్రి గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని విన్నాడు. అయిపోయాక కళ్లు తెరవకుండానే "మల్లొకపారి చదువు," అన్నాడు.

ఆమె లేచి వెళ్లి వీధి తలుపు బార్లా తెరిచింది. గుమ్మంలో నిలబడి, పక్క పోర్షన్ వాళ్లకు కూడా వినపడేలా, మొదటి నుంచి మళ్లీ చదివింది.